హామీపత్రం మీద సంతకం పెట్టే ముందు: విద్యార్థి విలేకరుల ప్రశ్నలు, మా జవాబులు

నవంబరు 16 జాతీయ పత్రికా దినోత్సవం. అది దగ్గర పడుతోందంటే కాలేజీ నోటీసు బోర్డుల మీద వార్తా రచన పోటీల కాగితాలు వెలుస్తాయి, మాకు ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి "ఎలా రాయాలి" అని అడిగినవాళ్లు తక్కువ, "ఈ నిబంధనకి అర్థమేంటి సార్" అని అడిగినవాళ్లే ఎక్కువ. మంచిదే, నిబంధనలు చదువుతున్నారన్నమాట. ఊరు మాత్రం ఉంచి, రాసినవాళ్ల పేర్లు తీసేశాం. ఒకచోట ఊరు కూడా తీసేశాం, ఎందుకో అక్కడే చెప్తాను.

ప్రశ్న (తెనాలి, డిగ్రీ రెండో సంవత్సరం): మా ఊరి కాలవలో గుర్రపుడెక్క పేరుకుపోయి చివరి పొలాలకి నీళ్లు అందడం లేదని ఒక కథనం రాశాను. అది మా కాలేజీ గోడపత్రికలో వచ్చింది, తర్వాత నేనే ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఇప్పుడు పోటీకి పంపుదామంటే "మరెక్కడా ప్రచురితం కాలేదు" అని హామీపత్రం ఇవ్వమంటున్నారు. గోడపత్రిక ప్రచురణ కిందకి వస్తుందా?

జవాబు: ముందు ఆ హామీపత్రం సంగతి చెప్పుకుందాం. "ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, మరెక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు" అన్న ముక్క మన వారపత్రికల కథల పోటీల నుంచి వచ్చింది. తెలుగులో రాసేవాళ్లందరికీ కంఠతా వచ్చు. కథకి అది సబబే, పత్రిక డబ్బిచ్చి కొత్త కథ కావాలంటుంది. చిక్కేమిటంటే వార్తా రచన పోటీ పెట్టేవాళ్లు కూడా చాలామంది ఆలోచించకుండా అదే కాగితాన్ని దించేస్తారు. వార్తకి లెక్క వేరు. అచ్చయిన వార్తని ఊళ్లో నలుగురూ చదివి "ఇది తప్పు" అనే అవకాశం ఉంటుంది. ఎవరూ చదవని వార్త నిజమో కాదో ఎవరు చెప్పాలి?

అందుకే బయట కొన్ని పోటీల్లో నిబంధన సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. అమెరికాలో కాలేజీ విద్యార్థులకి 1960 నుంచి ఇస్తున్న హర్స్ట్ అవార్డులకి అచ్చయిన, ప్రసారమైన పనినే పంపాలి. కోపెన్‌హాగన్ కేంద్రంగా పనిచేసే ఒక పర్యావరణ విద్యా సంస్థ నడిపే 'యంగ్ రిపోర్టర్స్ ఫర్ ది ఎన్విరాన్‌మెంట్' పోటీ మన దేశంలో కూడా ఉంది, అహ్మదాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ చూస్తుంది. అక్కడ సమస్య తవ్వడం, పరిష్కారం వెతకడం, రాయడం, రాసింది జనానికి చేర్చడం అని నాలుగు మెట్లు. నాలుగోది ఎక్కకపోతే మిగతా మూడూ ఎక్కినా లాభం లేదు. మీ గుర్రపుడెక్క కథనానికి ఇలాంటి పోటీ అయితే గోడపత్రిక బలమే అవుతుంది.

మీరు పంపబోయే పోటీకి వస్తే, గోడపత్రికా ఫేస్‌బుక్కూ రెండూ ప్రచురణే అనుకోండి. అనుకుని, గడువుకి ముందే నిర్వాహకులకి రెండు ముక్కల మెయిల్ పెట్టండి: ఫలానా తేదీన గోడపత్రికలో వచ్చింది, పంపొచ్చా అని. ఫోన్‌లో అడిగితే "ఆ పంపండి పంపండి" అంటారు, ఆ అన్నాయన ఫలితాల రోజున అక్కడ ఉండడు. మెయిల్‌లో జవాబొస్తే దాచుకోండి. రాకపోతే ఎంట్రీ మీదే ఆ సంగతి రాసి పంపండి. పోస్టు డిలీట్ చేసి పంపుదాం అనే ఆలోచన మాత్రం వద్దు, మీ కంటే ముందు ఎవరో స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు.

ప్రశ్న (అనంతపురం): 1000 పదాలు మించకూడదన్నారు. తెలుగు పదాల్ని ఎలా లెక్కపెడతారు? అను ఫాంట్‌లో టైప్ చేసి పంపొచ్చా?

జవాబు: కంప్యూటర్ ఖాళీల్ని బట్టి లెక్కపెడుతుంది, జడ్జీలూ అదే చూస్తారు. "చేయలేకపోతున్నామన్నారు" మనకి ఒక పదం, ఇంగ్లిష్‌లో రాసేవాడికి నాలుగైదు. కాబట్టి 1000 పదాలు తెలుగువాళ్లకి ధారాళంగా ఇచ్చినట్టే, ఏడవక్కర్లేదు. అలాగని పదాలు అతికించేసి లెక్క తగ్గించే తెలివి చూపించకండి, చదివేవాడికి ఊపిరాడదు.

అను ఫాంట్ వద్దు. అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే మీ కథనం పిచ్చిగీతలుగా తెరుచుకుంటుంది. ఏ కంప్యూటర్‌లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో టైప్ చేసి, ఆ ఫైలూ దాని పీడీఎఫ్ కాపీ రెండూ పంపండి. డ్రైవ్ లింక్ అయితే పంపాక మీ ఫ్రెండ్ ఫోన్‌లో తెరిచి చూడండి. పర్మిషన్ ఇవ్వని లింకుల వల్ల చదవకుండానే పక్కకిపోయే ఎంట్రీలు ప్రతి పోటీలో ఉంటాయి.

ప్రశ్న (పలాస, జర్నలిజం డిప్లమా): జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే ఆడవాళ్ల మీద రాశాను. వాళ్లు మా యాసలో మాట్లాడారు. జడ్జీలకి అర్థం కాదేమోనని కోట్‌లో భాష సరిచేశాను. పైగా ముగ్గురు చెప్పిన మాటల్ని కలిపి ఒకే మనిషి చెప్పినట్టు పెట్టాను, చదవడానికి బాగుంటుందని. ఇది తప్పంటున్నాడు మా ఫ్రెండ్.

జవాబు: మీ ఫ్రెండ్‌కి ఒక టీ ఇప్పించండి.

మీరు ఎంట్రీ కూడా జత చేశారు కాబట్టి చూశాను. మీ నోట్‌బుక్‌లో ఆవిడ అన్నమాట ఇది: "ఏటి సేత్తాం బాబూ, సేతులు కాలినా పనికి రాక తప్పుద్దేటి." కథనంలో అది ఇలా తేలింది: "ఆర్థిక పరిస్థితుల రీత్యా ఈ వృత్తిని కొనసాగించక తప్పడం లేదు." ఏ తల్లీ ఇలా మాట్లాడదు, కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ప్రెస్‌నోట్ మాట్లాడుతుంది. జీడి పెంకులోంచి కారే రసానికి చర్మం కాలి నల్లబడుతుందని మీరు పైపేరాలో చక్కగా రాశారు. ఆ చేతుల పక్కన ఆవిడ మాటే ఉండాలి. కోట్ గుర్తుల మధ్య ఉన్నది అన్న మనిషి సొత్తు. జడ్జికి అర్థం కాదనిపిస్తే కోట్ తీసేసి మీ మాటల్లో చెప్పండి, చేతులు కాలినా పని మానే వీల్లేదని ఆవిడ అంటోంది అని. అంతేగానీ కోట్ లోపల చెయ్యి పెట్టకూడదు. ఊ, ఆ, అలాగన్నమాట లాంటివి తీసేస్తే ఎవరూ ఏమీ అనరు. పదాలు మార్చకూడదు.

ముగ్గుర్ని కలిపి ఒకరిని చేయడం అంతకంటే పెద్ద తప్పు. అలాంటి మనిషి పలాసలో లేదు. జర్నలిజం పోటీల చరిత్రలో ఎప్పుడూ చెప్పుకునే కథ ఇక్కడ చెప్పక తప్పదు. 1980లో వాషింగ్టన్ పోస్ట్‌లో జానెట్ కుక్ అనే విలేకరి, హెరాయిన్‌కి అలవాటు పడ్డ ఎనిమిదేళ్ల పిల్లాడి మీద కథనం రాసింది. ఊరు ఊరంతా కదిలిపోయింది, పోలీసులు ఆ పిల్లాడి కోసం గాలించారు, దొరకలేదు. 1981 ఏప్రిల్‌లో దానికి పులిట్జర్ వచ్చింది, అమెరికాలో జర్నలిజానికి ఇచ్చే పెద్ద బహుమతి అది. ఆ పిల్లాడు లేనే లేడు. బయటపడిన తీరు చూడండి. బహుమతితో పాటు ఆమె వివరాలు కూడా పత్రికలకి వెళ్లాయి. ఆమె అంతకుముందు పనిచేసిన టొలీడో పత్రికవాళ్లు చూసి, ఈ చదువులు మాకు తెలిసిన చదువులు కావే అనుకున్నారు. వాసర్ కాలేజీలో డిగ్రీ చేశానని రాసుకుంది, నిజానికి అక్కడ చదివింది ఒక్క ఏడాది. ఆ దారం లాగితే మొత్తం ఊడింది, బహుమతి వెనక్కి పోయింది. కాబట్టి ఎంట్రీ ఫారంలో మీ గురించి రాసుకునే నాలుగు లైన్లు కూడా వార్తే, అక్కడ కూడా "రాష్ట్రస్థాయి బహుమతి గ్రహీత" లాంటివి ఉత్తినే రాయకండి.

ముగ్గురున్నారు కదా, ముగ్గుర్నీ రాయండి. పేర్లు వద్దంటే పేర్లు లేకుండానే రాయండి, ముగ్గురుగానే రాయండి.

ప్రశ్న (హనుమకొండ, ఎం.ఏ.): నిబంధనల్లో కృత్రిమ మేధ గురించి ఒక్క ముక్కా లేదు. లేదు కాబట్టి చాట్‌జీపీటీ వాడొచ్చా? నేను ఇంటర్వ్యూ ఆడియోని టెక్స్ట్ చేయడానికి వాడాను, తర్వాత కథనాన్ని కొంచెం "మెరుగుపరచమన్నాను".

జవాబు: రాయలేదంటే ఒప్పుకున్నట్టు కాదు, వాళ్లకి తట్టలేదని అర్థం. వాడితే వాడానని ఎంట్రీ కింద ఒక లైన్ రాయండి, ఏ పనికి వాడారో చెప్పండి.

ఆడియో టెక్స్ట్ చేయించుకోవడం నా దృష్టిలో తప్పు కాదు, కానీ తెలుగు ఆడియో అంటే ఆ యంత్రాలు ఇంకా తడబడతాయి, అందులోనూ ఊరి పేర్లూ ఇంటిపేర్లూ వస్తే ఏదో ఒకటి రాసిపడేస్తాయి. ప్రతి కోట్‌నీ మళ్లీ చెవిపెట్టి విని సరిచూడాలి. ఆడియో ఫైల్ ఫలితాలు వచ్చేదాకా చెరపకండి, అడిగితే చూపించాల్సింది అదే.

ఇక "మెరుగుపరచడం". అసలు తిప్పలు ఇక్కడే. మీరు ఇచ్చిన దాంట్లో మార్కెట్ యార్డు అని మాత్రమే ఉంటే, అది తిరిగిచ్చిన దాంట్లో "తెల్లవారుజామున మంచు కమ్మిన మార్కెట్ యార్డు"లో "ముడతలు పడ్డ ముఖంతో" ఒక రైతు కూర్చుని ఉంటాడు. మంచు మీరు చూశారా? అది అబద్ధం. మీరు చెప్పలేదు, మీ పేరు మీద చెప్పించారు, అంతే తేడా. పైగా జడ్జీలు ఇలాంటివి గుట్టలకొద్దీ చదువుతారు, ఒకే మంచూ ఒకే ముడతలూ అన్ని ఎంట్రీల్లో కనిపిస్తే పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. అక్షరదోషాల దాకా అయితే సరే. వాక్యం ముట్టుకుంటే వద్దు, ఇది నా అభిప్రాయం. ఒప్పుకోని జడ్జీలు కూడా ఉంటారు, మీకు ఏ జడ్జి తగులుతాడో మీకు తెలియదు కదా.

ఇదే ఉత్తరంలో ఇంకో సంగతి అడిగారు, మీ లెక్చరర్ సగం తిరగరాశారని. ఏ పత్రికలోనైనా డెస్క్‌వాళ్లు విలేకరి కాపీని దిద్దుతారు, అందులో సిగ్గుపడేదేం లేదు. సార్ ఇంట్రోని (కథనం మొదలుపెట్టే వాక్యాల్ని) పైకి తెచ్చారా, పేరాలు కుదించారా, ఫరవాలేదు. సార్ మీరు కలవని మనిషిని కలిసి కోట్ తెచ్చి పెట్టారా, అయితే అది ఇద్దరి కథనం, ఆయన విద్యార్థి కాదు కాబట్టి పోటీకి పనికిరాదు.

ప్రశ్న (భూదాన్ పోచంపల్లి, ఇంటర్): మగ్గం దగ్గర మా తాతయ్య ఫొటో తీశాను. వెనక కరెంటు వైరూ ప్లాస్టిక్ కుర్చీ అడ్డంగా ఉంటే ఫోన్‌లోనే చెరిపేశాను. తాతయ్య ఆరోజు నేయడం లేదు, ఫొటో కోసం కూర్చోమన్నాను. ఫొటో జర్నలిజం విభాగానికి పంపొచ్చా?

జవాబు: పంపొద్దు తల్లీ. ఆ ఫొటో ఫ్రేమ్ కట్టించి ఇంట్లో పెట్టుకోండి, తాతయ్య సంతోషిస్తారు. పోటీకి ఇంకోటి తీయండి, ఆయన నిజంగా నేస్తున్న రోజు, కుర్చీతో సహా.

కుర్చీయే కదా అంటారేమో. 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ నార్సిసో కాంట్రెరాస్ అనే ఫొటోగ్రాఫర్‌తో తెగతెంపులు చేసుకుంది. సిరియా యుద్ధంలో తీసిన ఒక ఫొటోలో మూలకి పక్క జర్నలిస్టు వీడియో కెమెరా కనిపిస్తోందని దాన్ని చెరిపేశాడు, అంతే. అంతకుముందు ఏడాదే పులిట్జర్ పంచుకున్న బృందంలో మనిషి. ఆ కెమెరా ఉంటే యుద్ధం అర్థం మారిపోదు, కానీ ఒకటి చెరిపినవాడు ఇంకేం చెరిపాడో అన్న అనుమానం అన్ని ఫొటోల మీదా పడుతుంది.

వెలుతురు కాస్త పెంచుకోవచ్చు, అంచులు కత్తిరించుకోవచ్చు (కత్తిరించాక అర్థం మారకూడదు), ఉన్నది తీసేయడం లేనిది పెట్టడం కుదరదు. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైల్ దాచండి, పెద్ద పోటీల్లో తుది దశకి వెళ్తే అదే అడుగుతారు. వాట్సాప్‌లో పంపించుకున్న కాపీ అసలు ఫైల్ కాదు, ఎప్పుడు తీశారో ఆ వివరాలన్నీ అందులో పోతాయి.

కూర్చోబెట్టి తీసిన ఫొటో పోర్ట్రెయిట్ విభాగంలో అయితే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, క్యాప్షన్‌లో ఆ సంగతి ఉంటే. క్యాప్షన్‌ని చాలామంది ఆఖరి నిమిషంలో గిలికేస్తారు, అక్కడే దెబ్బతింటారు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో బెల్జియంలోని షార్లెరువా పట్టణం మీద ఇచ్చిన మొదటి బహుమతిని వెనక్కి తీసుకున్నారు. అందులో ఒక ఫొటో షార్లెరువాలో కాదు, బ్రసెల్స్‌లో తీసిందని తేలింది. మీ ఫొటోకి అన్వయించి చూడండి: పుట్టపాక అనే ఇంకో నేత ఊళ్లో తీసి పోచంపల్లి అని రాస్తే అంతే సంగతి.

ప్రశ్న (ఊరు పేరు మేమే తీసేశాం, పదో తరగతి): మా ఊళ్లో ఒక అమ్మాయి పెళ్లిని అధికారులు వచ్చి ఆపారు. ఆ అక్క నాకు తెలుసు. "నా పేరు రాయి, నాకేం భయం" అంటోంది. మా స్కూల్ నుంచి పోటీకి ఆ కథనమే పంపుదామనుకుంటున్నాం. పేరు రాయొచ్చా?

జవాబు: రాయకూడదు. ఆ అమ్మాయి ధైర్యానికి చేతులెత్తి దండం పెడతాను, అయినా రాయకూడదు.

ఇది పోటీ నిబంధన కాదు, చట్టం. పెళ్లి వయసు రాకముందే పెళ్లి చేసే ప్రమాదంలో ఉన్న పిల్లల్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం సంరక్షణ అవసరమైన పిల్లల కింద చూస్తుంది. అదే చట్టంలో 74వ సెక్షన్ అలాంటి పిల్లల పేరు, చిరునామా, స్కూలు, ఇంకా వాళ్లని గుర్తుపట్టే ఏ వివరమూ పత్రికల్లో రాయకూడదంటుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైంగిక నేరాల బాధితులైన పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ కుటుంబం వివరాలు, చుట్టుపక్కల ప్రాంతం కూడా రాయొద్దంటుంది. స్కూల్ మ్యాగజైన్ కదా, పోటీయే కదా అన్న మినహాయింపు ఎక్కడా లేదు.

ఇప్పుడు మీరు పంపిన కాపీ చూద్దాం. పేరు మార్చారు, సంతోషం. కానీ "కబడ్డీ జట్టు కెప్టెన్", "రైస్‌మిల్లు వెనక ఇల్లు", "ఇద్దరు చెల్లెళ్లు, నాన్న ఆటో నడుపుతాడు" అని ఉంది. మీ ఊళ్లో ఈ మూడూ కలిసే ఇల్లు ఎన్ని ఉంటాయి? ఒక్కటే. పేరు రాయకపోయినా రాసినట్టే. మండలం కూడా తీసేసి జిల్లా దాకా ఉంచండి, కబడ్డీ తీసేయండి. అది తీసేస్తే కథనంలో రుచి పోతుందని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. పోనివ్వండి. దాని బదులు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్లాక ఎవరెవరు ఎంతసేపట్లో వచ్చారు, పెద్దవాళ్లతో ఏం మాట్లాడారు, ఏ కాగితం రాయించుకున్నారు అన్నది కనుక్కుని రాయండి. అది ఎవరూ రాయరు.

మీరు కూడా మైనరే కాబట్టి మీ బైలైన్ (కథనం మీద వేసే మీ పేరు) పక్కన స్కూలు పేరు వేస్తే ఊరు తెలిసిపోతుంది. ఈ ఒక్క కథనానికి స్కూలు పేరు ఎంట్రీ ఫారంలో ఉంచి, ప్రచురణలో వేయొద్దని నిర్వాహకుల్ని మీ టీచర్‌తో అడిగించండి.

ప్రశ్న (కర్నూలు, డిగ్రీ): సంక్షేమ హాస్టల్ భోజనం మీద రాస్తున్నాను. నేనూ అదే హాస్టల్‌లో ఉంటాను. వార్డెన్ మాట్లాడరు. ఎంట్రీ కాలేజీ ద్వారానే పంపాలన్నారు, ప్రిన్సిపాల్ సంతకం పెట్టనంటున్నారు. రహస్యంగా వీడియో తీయొచ్చా?

జవాబు: ఒక్క ఉత్తరంలో నాలుగు చిక్కులు పెట్టారు.

అదే హాస్టల్‌లో ఉంటారు కాబట్టి ఆ సంగతి కథనంలోనే ఒక వాక్యంలో చెప్పేయండి. దాచి రాస్తే సొంత కక్షతో రాశాడంటారు, చెప్పి రాస్తే రోజూ తినేవాడు రాశాడంటారు.

రహస్య వీడియో వద్దు. అవతలి మనిషికి తెలియకుండా మాటలు రికార్డు చేయకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది, బలమైన కారణం ఉంటే తప్ప. మీకు ఆ అవసరమే లేదు. హాస్టల్ గోడ మీద మెనూ ఉంటుంది, ఏ రోజు గుడ్డు, ఏ రోజు పండు అని. రోజూ మీ కంచంలో ఏం పడిందో తేదీ వేసి రాసుకోండి, మెనూ పక్కన పెట్టండి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సరుకుల లెక్కలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజుల గడువుంటుంది, పోటీ గడువుకి పది రోజుల ముందు పెట్టి ఇంకా రాలేదని ఏడిస్తే లాభం లేదు. రాకపోతే ఫలానా తేదీన అడిగాం, ఎంట్రీ పంపేనాటికి జవాబు రాలేదు అని రాయొచ్చు.

వార్డెన్‌గారికి ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి, రెండు మూడు రోజులు టైమివ్వండి. రాత్రి తొమ్మిదికి ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి "అందుబాటులోకి రాలేదు" అని రాసే విద్య మన పత్రికల్లో చాలామందికి వచ్చు, మీరు నేర్చుకోకండి.

ప్రిన్సిపాల్ సంతకం గురించి నిర్వాహకుల్ని సూటిగా అడగండి: సంతకం నేను విద్యార్థినని చెప్పడానికా, కథనాన్ని ఒప్పుకున్నట్టా? మొదటిదైతే బోనఫైడ్ సర్టిఫికెట్ చాలు కదా అనండి. రెండోదే అయితే అది జర్నలిజం పోటీ కాదు, కాలేజీ వార్షిక నివేదిక పోటీ. వదిలేసి వేరేదానికి పంపుకోండి.

ప్రశ్న (విశాఖపట్నం): "అన్ని ఎంట్రీలపై సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఉంది. నాకు 17 ఏళ్లు. సంతకం పెట్టొచ్చా?

జవాబు: మీరొక్కరే పెడితే చెల్లదు. 18 నిండనివాళ్లు చేసుకునే ఒప్పందాన్ని మన కాంట్రాక్టు చట్టం ఒప్పుకోదు, అందుకే అమ్మ సంతకమో నాన్న సంతకమో అడుగుతారు. కాబట్టి ఇంట్లోవాళ్లని చదివి పెట్టమనండి. వాళ్లు చదవరు, మీరే చదివి వినిపించండి.

రాసినవాళ్లే మొదటి హక్కుదారులు, సాధారణంగా కాపీరైట్ చట్టం చెప్పేది ఇదే. వేరేవాళ్లకి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు. మొత్తం రాసిచ్చేసినా "ఇది నేను రాసింది" అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది. బహుమతి వచ్చినవాటిని ప్రచురించుకుంటాం అంటే సమంజసమే. బహుమతి రానివాటి మీద కూడా, ఫొటోల మీద కూడా, శాశ్వతంగా అంటే మాత్రం వాళ్లకి కావాల్సింది మీ జర్నలిజం కాదు, ఫ్రీగా కంటెంట్. నేనైతే పంపను.

ప్రశ్న (కరీంనగర్): 499 ఎంట్రీ ఫీజు, పాల్గొన్న అందరికీ "జాతీయ యువ జర్నలిస్ట్" సర్టిఫికెట్ అట. మంచిదేనా?

జవాబు: జడ్జీలెవరో చెప్పారా? కిందటేడు నెగ్గిన కథనాలు ఎక్కడైనా చదవడానికి దొరుకుతున్నాయా? రెండూ లేకపోతే అది సర్టిఫికెట్ల దుకాణం. ఆ డబ్బుతో పాత పుస్తకాలు కొనుక్కోండి.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక తండ్రి): మా అబ్బాయి హైస్కూల్‌లో యూఐఎల్ జర్నలిజం పోటీలకి వెళ్తున్నాడు. అక్కడే కూర్చోబెట్టి 45 నిమిషాల్లో వార్త రాయమంటారు. ఇచ్చిన సమాచారం చప్పగా ఉంటుంది, కొంచెం వర్ణన కలిపితే మార్కులు రావా అని నా సందేహం. వాడేమో "నో నాన్నా" అంటాడు.

జవాబు: అబ్బాయి చెప్పిందే కరెక్ట్, మీరు వాడికి సలహాలివ్వడం ఆపండి.

టెక్సాస్ విశ్వవిద్యాలయం తరఫున నడిచే యూఐఎల్ పోటీల్లో వార్తకి 45 నిమిషాలు, ఫీచర్‌కి గంట. ఒక కాగితం మీద వివరాలూ కొన్ని కోట్లూ ఇస్తారు, పనికొచ్చేవీ పనికిరానివీ కలిపి. ఆ కాగితంలో లేనిది రాయడం కల్పనే. పరీక్ష ఎక్కడుందంటే, వాటిలో దేన్ని ముందు పెట్టాలి, దేన్ని వదిలేయాలి అన్నదాంట్లో. మనవాళ్లు వ్యాసరచన పోటీల అలవాటుతో ముందు ఉపోద్ఘాతం, చివర ఉపసంహారం కావాలనుకుంటారు. అక్కడ రెండూ నష్టమే. ఇంట్లో సాయం చేయాలనుంటే స్కూల్ బోర్డు మీటింగ్ వీడియో పెట్టి, గడియారం పెట్టి, అందులో వార్తేంటో మొదటి వాక్యంలో రాయమనండి. ఆ వాక్యం మీరు దిద్దొద్దు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): "న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం" అని రాస్తారు. మొదటి బహుమతి వచ్చిన కథనంలో మూడు పేరాలు ఒక దినపత్రికలో వచ్చినవే, నేను చూశాను. అయినా అడగకూడదా?

జవాబు: నాకెందుకు రాలేదని అడిగితే ఆ లైన్ చూపిస్తారు, అది న్యాయమే. ఇది వేరు. రుచి మీద తీర్పు జడ్జీలది, కాపీ కొట్టారా లేదా అన్నది ఎవరైనా చూపించగల వాస్తవం. పత్రిక తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాసి, కటింగ్ ఫొటో తీసి, ఆ మూడు పేరాల్నీ ఎంట్రీలోని పేరాల పక్కన పెట్టి నిర్వాహకులకి మాత్రమే పంపండి. ముందు ఒక సంగతి చూసుకోండి, ఆ దినపత్రికలో రాసింది కూడా అదే అబ్బాయేమో, కంట్రిబ్యూటర్‌గా పనిచేసే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఆ అబ్బాయికి ఫోన్ చేసి అడగండి, వార్త రాసేటప్పుడు అవతలివాళ్ల మాట తీసుకున్నట్టే. జవాబు వచ్చేదాకా కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.